ఆకాశమేమో ఆకుపచ్చ, ఆకులేమో తెలుపు

గత సంచికలో వేసిన రెండు ఫొటోల మీద చాలా ఉత్తరాలొచ్చాయి. ఒకటి నార్వేలోని లొఫోటెన్ దీవుల్లో సముద్రం ఒడ్డున తీసిన అరోరా (ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగు), రెండోది గండికోట లోయను మిట్టమధ్యాహ్నం, కంటికి కనిపించని కాంతి అయిన ఇన్‌ఫ్రారెడ్‌లో తీసింది. అన్నిటికీ జవాబు రాసే చోటు లేదు కాబట్టి, ఒకే సంగతి నలుగురు అడిగినచోట వివరంగా రాసినవారి ప్రశ్న తీసుకున్నాను. "ఇవి ఫొటోలా, కంప్యూటర్ బొమ్మలా?" అని కోప్పడ్డవాళ్లూ ఉన్నారు. వాళ్లకూ కింద జవాబు ఉంది.

ప్రశ్న: ఫిబ్రవరిలో ఇంటిల్లిపాదీ నార్వేలోని ట్రోమ్సో వెళ్లి నాలుగు రాత్రులు ఉండాలని అనుకుంటున్నాం. కేపీ ఇండెక్స్ (భూమి అయస్కాంత అలజడిని కొలిచే అంకె) 5 దాటితేనే అరోరా కనిపిస్తుందని మా ఆఫీసులో ఒకాయన అంటున్నాడు. రోజూ యాప్ చూస్తున్నాను, ఎప్పుడూ 2, 3 దగ్గరే ఉంటోంది. ఇంత డబ్బు పోసి ఉత్త చేతులతో వస్తామేమోనని టెన్షన్‌గా ఉంది. గ్యారెంటీగా కనిపించే చోటు ఏదైనా ఉందా?
– మియాపూర్, హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: గ్యారెంటీ ఎవరూ ఇవ్వలేరండీ, ఇస్తామన్న టూర్ వాళ్లను అసలు నమ్మకండి. అయితే మీ ఆఫీసాయన చెప్పిన లెక్క మీకు వర్తించదు. అరోరా అనేది భూమి అయస్కాంత ధ్రువం చుట్టూ ఒక వలయంలా ఏర్పడుతుంది, మామూలు రోజుల్లో కూడా ఆ వలయం ఉత్తర నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌ల పైభాగం, ఐస్‌లాండ్, అలాస్కా మధ్యభాగం మీదుగా పోతూనే ఉంటుంది. ట్రోమ్సోలో కేపీ 1 ఉన్నా 2 ఉన్నా అరోరా నెత్తి మీదే ఆడొచ్చు. కేపీ 5, 6 కావాలన్నది స్కాట్లాండ్‌లోనో, జర్మనీ ఉత్తరానో ఉన్నవాళ్ల గోల. పైగా కేపీ అనేది మూడు గంటలకు కలిపి ఇచ్చే అంకె, అరోరా చెలరేగేదేమో పది పదిహేను నిమిషాలు. ఆ అంకె పెరిగేదాకా హోటల్ గదిలో కూర్చుంటే మీరు చూడాల్సింది అయిపోయి ఉంటుంది.

మీ అసలు శత్రువు మబ్బు. ట్రోమ్సో సముద్రతీరం కావడంతో అక్కడ చలి మనం భయపడినంత ఉండదు కానీ మబ్బులు మాత్రం దండిగా ఉంటాయి. అందుకే అక్కడి గైడ్లు రాత్రి పూట వ్యాన్లు వేసుకుని లోపలికి, స్కీబోట్న్ వైపు, ఒక్కోసారి ఫిన్లాండ్ సరిహద్దు దాటి మరీ తీసుకెళ్తారు. నన్నడిగితే నాలుగు రాత్రులూ ట్రోమ్సోలోనే గడపకుండా రెండు రాత్రులు స్వీడన్‌లోని అబిస్కోకు ఇవ్వండి. చుట్టూ ఉన్న కొండలు మబ్బుల్ని ఆపేయడంతో ఆ చిన్న ఊరి మీద ఆకాశం చుట్టుపక్కల కంటే ఎక్కువగా తేటగా ఉంటుంది, ఫొటోగ్రాఫర్లు ఎగబడేది అందుకే. చలి మాత్రం అక్కడ నిజంగానే కొరుకుతుంది, పిల్లలుంటే ముందే అద్దె కోట్లు మాట్లాడుకోండి.

యాప్‌లో చూడాల్సింది ఇంకొకటుంది, దాన్ని బీజెడ్ అంటారు. సూర్యుడి నుంచి వచ్చే గాలి తన వెంట అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది, అది దక్షిణానికి తిరిగితే (అంటే బీజెడ్ మైనస్‌లోకి వెళితే) భూమి అయస్కాంత క్షేత్రంతో ముడిపడి శక్తి లోపలికి వస్తుంది. ఈ కొలతలు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపు, ఎల్1 అనే బిందువు దగ్గర ఉన్న ఉపగ్రహాలు పంపుతాయి. ఆ గాలి అక్కడి నుంచి మన దగ్గరికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది కాబట్టి కోట్లు తొడుక్కుని బయటికి రావడానికి మీకు సరిపోతుంది. అన్నట్టు 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 కూడా ఆ బిందువు చుట్టూనే తిరుగుతోంది.

ఫిబ్రవరి మంచి నెలే. మార్చి అయితే ఇంకొంచెం మేలు, ఎందుకంటే రాత్రీ పగలూ సమానంగా ఉండే రోజుల చుట్టుపక్కల అయస్కాంత అలజడి ఎక్కువ. మే నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా మాత్రం అటువైపు చూడకండి, అక్కడ చీకటే పడదు, టికెట్లు చవగ్గా దొరుకుతున్నాయని కొందరు జూన్‌లో బుక్ చేసేసుకుంటున్నారు! ఇక సూర్యుడి ఉధృతి తగ్గిపోతోందట కదా, ఆలస్యమైందా అని ఇంకొందరు అడిగారు. ప్రస్తుత సౌరచక్రం (సూర్యుడి ఉధృతి పెరిగి తగ్గే చక్రం) గరిష్ఠ దశకు చేరిందని నాసా 2024 అక్టోబరులో ప్రకటించిన మాట నిజమే. కానీ గరిష్ఠం దాటాక కూడా పెద్ద సౌర తుపాన్లు వస్తాయి, 2003 అక్టోబరు చివర్లో వచ్చిన మహా తుపాను అలా దిగిపోతున్న కాలంలోనిదే. ట్రోమ్సో, అబిస్కో లాంటి చోట్ల ఉన్నవాళ్లు సౌరచక్రం గురించి బెంగపెట్టుకోనక్కర్లేదు.

ప్రశ్న: మేం డాలస్ శివార్లలో ఉంటాం. 2024 మే 10 రాత్రి అరోరా వచ్చిందని వాట్సాప్‌లో గోల గోలైతే పెరట్లోకి వెళ్లాం. కంటికేమో పొగమంచులా, లేత గులాబీ మరకలా ఉంది. మా అమ్మాయి ఫోన్‌తో తీస్తే ఎర్రగా భగభగలాడుతోంది. మా ఆయన "ఫోన్ కంపెనీ వాళ్లు రంగు పూసి ఇస్తున్నారు" అంటారు. ఎవరిది నిజం?
– డాలస్, అమెరికా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ ఆయన మాటలో కొంత ఉంది, ఫోన్ రంగులు కాస్త దట్టంగానే చూపిస్తుంది. కానీ ఎరుపు అక్కడ నిజంగా ఉంది, చూడలేకపోయింది మన కన్ను. మసక వెలుతురులో మన కంట్లో పనిచేసే కణాలు వేరు, వాటికి రంగులు తెలియవు, అందులోనూ ఎరుపంటే అవి దాదాపు గుడ్డివి. మీరు చూసిన ఎరుపు, కాంతి అలల పొడవు లెక్కన, 630 నానోమీటర్ల దగ్గరది. ఫోనేమో మూడు సెకన్లో పది సెకన్లో కాంతిని పోగుచేసి చూపిస్తుంది, కంటికి ఆ వీలు లేదు.

అరోరా రంగుల్లో నాకు బాగా ఇష్టమైన సంగతి ఆకుపచ్చకూ ఎరుపుకూ ఉన్న తేడా, రెండూ ఆక్సిజన్ పరమాణువులవే అన్నది. సౌరగాలి రెచ్చగొట్టిన ఎలక్ట్రాన్లు పైనుంచి దూసుకొచ్చి పరమాణువును గుద్దితే అది ఉద్రేకపడుతుంది, ఆ శక్తిని వెలుగుగా వదిలేసి చల్లబడుతుంది. ఆకుపచ్చ వెలుగు వదలడానికి దానికి ముప్పావు సెకను చాలు, ఎరుపు వదలాలంటే నిమిషంన్నర పైనే పడుతుంది. కింద గాలి చిక్కగా ఉన్నచోట అంతసేపు ఏ పరమాణువూ ఊరికే ఉండదు, పక్కదానికి తగిలి ఉన్న శక్తి కాస్తా పోగొట్టుకుంటుంది. అందుకే ఎరుపు 200 కిలోమీటర్ల పైన, గాలి బాగా పలచబడినచోట మాత్రమే కనిపిస్తుంది, ఆకుపచ్చ 100 నుంచి 150 కిలోమీటర్ల మధ్య. ఇప్పుడు మీ డాలస్ సంగతి చూడండి. అరోరా మీకు ఉత్తరాన చాలా దూరంలో ఉంది, భూమి గుండ్రంగా ఉండటంతో దాని కింది ఆకుపచ్చ భాగం దిగంతం కింద దాక్కుంది, మీకు దక్కింది పైనున్న ఎరుపు అంచు.

అదే రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున ఉన్న మన ఖగోళ అబ్జర్వేటరీ కెమెరాకు కూడా ఎరుపే చిక్కింది. అమెరికా సంస్థ నోవా జీ5 అని పిలిచే అత్యంత తీవ్రమైన తుపాను అది, 2003 తర్వాత మళ్లీ అప్పుడే వచ్చింది. ఇందులో తమాషా ఏమిటంటే డాలస్, హాన్లే రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద, 32.8 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అయినా అరోరా విషయంలో మీకున్న అదృష్టం హాన్లేకు లేదు. భూఅయస్కాంత ధ్రువం కెనడా వైపు ఒరిగి ఉండటమే కారణం, దాని లెక్కన డాలస్ చాలా ఉత్తరాన ఉన్నట్టు. హాన్లేలో అరోరా వార్త చదివి "ఇక నార్వే ఎందుకు, లద్దాఖ్ వెళ్దాం" అని రాసినవాళ్లకూ ఇదే జవాబు: హాన్లేకు పాలపుంత కోసం వెళ్లండి, 2022 నుంచి అది చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతం, అరోరా ఆశ మాత్రం పెట్టుకోకండి.

మీ ఆయనకు ఇంకో మాట చెప్పండి. ఫోన్లు, ఫొటోషాప్ లేని రోజుల్లోనే కెమెరా అరోరాను పట్టుకుంది. మార్టిన్ బ్రెండెల్ అనే జర్మన్ 1892 జనవరి 5న ఉత్తర నార్వేలోని బోసెకోప్‌లో మొదటి ఫొటో తీశాడు, మసకమసకగా, నలుపు తెలుపుల్లో. 1910లో కార్ల్ స్టోర్మర్ అనే నార్వే గణిత శాస్త్రవేత్త అక్కడికే వెళ్లి, దూరదూరంగా రెండు కెమెరాలు పెట్టి, టెలిఫోన్‌లో మాట్లాడుకుంటూ ఒకే క్షణంలో ఒకే అరోరాను రెండు చోట్ల నుంచీ తీయించాడు. రెండు ఫొటోల్లో నక్షత్రాల మీద అరోరా ఎంత జరిగిందో చూసి దాని ఎత్తు లెక్కగట్టాడు. పైన నేను రాసిన 100 కిలోమీటర్ల లాంటి అంకెలు మనకు మొదట తెలిసింది ఇలాంటి పనివల్లే. కెమెరా అబద్ధమాడితే ఆ లెక్క కుదిరేది కాదు కదా.

ప్రశ్న: అరోరాకు కెమెరా సెట్టింగులు చెప్పండి చాలు, సైన్స్ వద్దు.
– విజయవాడ

జవాబు: సరే. ట్రైపాడ్ తప్పనిసరి. 14 నుంచి 24 మిల్లీమీటర్ల వైడ్ లెన్స్, ఎఫ్/2.8 లేదా ఇంకా తక్కువ. ఐఎస్‌ఓ 1600 నుంచి 3200. అరోరా నెమ్మదిగా పాకుతుంటే 8 నుంచి 15 సెకన్లు, తెరలు తెరలుగా ఊగిపోతుంటే 2 నుంచి 4 సెకన్లకు దించండి, లేకపోతే మడతలన్నీ కలిసిపోయి ఆకుపచ్చ ముద్ద మిగులుతుంది. ఆటోఫోకస్ ఆపేసి, తెర మీద ఒక నక్షత్రాన్ని పెద్దది చేసి చూస్తూ చేత్తో ఫోకస్ చేయండి, ఆ తర్వాత లెన్స్ రింగుకు చిన్న టేపు అంటించేయండి. రా ఫైల్, వైట్ బ్యాలెన్స్ 3500 నుంచి 4000 కెల్విన్.

లెన్స్ ముందు రక్షణ కోసం పెట్టుకునే యూవీ ఫిల్టర్ తీసేయండి. ఇది చాలామంది షాపువాళ్లు చెప్పరు. అరోరా ఆకుపచ్చ కచ్చితంగా 557.7 నానోమీటర్ల దగ్గర ఒకే గీతలా ఉంటుంది, అలాంటి ఒంటి రంగు కాంతి ఫిల్టర్ అద్దం రెండు ముఖాల మధ్య అటూ ఇటూ తగిలి ఫొటో మధ్యలో గుండ్రటి వలయాలు వేస్తుంది. ఆ వలయాలను తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ శుభ్రంగా తీయలేరు. (చూశారా, సైన్స్ వద్దంటే కుదరదు.)

స్పేర్ బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటికి ఆనుకునేలా పెట్టుకోండి. బయటి చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చేముందు కెమెరాను జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో వేసి మూసి, అది గది వేడికి వచ్చేదాకా తెరవొద్దు. తెరిస్తే లెన్స్ లోపలంతా చెమ్మే.

ప్రశ్న: గండికోట ఫొటోలో ముళ్లపొదలు మంచు కురిసినట్టు తెల్లగా, ఆకాశం నల్లగా ఉన్నాయి. మా కోనసీమ కొబ్బరితోటను కూడా అలా తీసిన ఫొటో ఒకటి ఫేస్‌బుక్‌లో చూశాను. ఇది ఫొటోషాప్ కాక మరేంటి? ఆకుకు తెలుపు ఎక్కడి నుంచి వస్తుంది?
– అమలాపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఫొటోషాప్ పుట్టక ముందు నుంచీ ఉన్న పని ఇది. స్టోర్మర్ అరోరాల వెంట పడిన ఆ 1910లోనే రాబర్ట్ వుడ్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఇన్‌ఫ్రారెడ్‌లో తీసిన ప్రకృతి దృశ్యాలు ప్రచురించాడు, వాటిలోనూ చెట్లు తెల్లగా, ఆకాశం నల్లగానే ఉన్నాయి.

మన కంటికి 400 నుంచి 700 నానోమీటర్ల దాకా కనిపిస్తుంది. ఆ పైన 700 నుంచి 1000 దాకా ఉన్న కాంతి కూడా ఎండలో బోలెడంత ఉంది, మనకు కనిపించదంతే. ఆకులోని పత్రహరితం ఎరుపును, నీలాన్ని తాగేసి కాస్త ఆకుపచ్చను వదిలేస్తుంది, అందుకే ఆకు మనకు ముదురు ఆకుపచ్చ. 700 దాటాక పత్రహరితానికి ఆ కాంతితో పనిలేదు, దానికది గాజులాంటిది. కాంతి నేరుగా లోపలికెళ్లి, స్పాంజిలా గుల్లగా ఉండే కణాలకూ వాటి మధ్య గాలి ఖాళీలకూ తగిలి అన్ని వైపులకూ చెదిరిపోయి, సగం దాకా వెనక్కి వచ్చేస్తుంది. తెలుపంటే అదే, వచ్చిన కాంతిని తిరిగి పంపేయడం. ఆకాశం నల్లబడేది దీనికి వ్యతిరేక కారణంతో. గాలి అణువులు నీలాన్ని బాగా చెదరగొడతాయి కాబట్టి ఆకాశం నీలం, అలలు పొడుగయ్యే కొద్దీ ఆ చెదరడం చాలా వేగంగా పడిపోతుంది, 800 నానోమీటర్ల దగ్గర నీలంలో పదో వంతు కూడా ఉండదు. నీళ్లు ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చేసుకుంటాయి కాబట్టి మీ గోదావరి పాయలు, కాలవలు కూడా నల్లగా వస్తాయి. తెల్లటి కొబ్బరి మట్టలు, నల్లటి కాలవ, మధ్యలో ఒక పడవ. కోనసీమలో ఉండి ఇంకా తీయకుండా నాకు ఉత్తరం రాస్తున్నారా?

ఇన్‌ఫ్రారెడ్ సంగతి నమ్మకం కుదరకపోతే ఇప్పుడే ఒకటి చేయండి. టీవీ రిమోట్ ముందున్న చిన్న బల్బును ఫోన్ సెల్ఫీ కెమెరాకు చూపించి మీట నొక్కండి. కంటికి ఏమీ కనిపించదు, ఫోన్ తెర మీద మాత్రం ఊదా రంగు మెరుపు వస్తుంది. వెనక కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది, అక్కడ కనిపించకపోవచ్చు.

ప్రశ్న: నాది ఫొటో స్టూడియో. పదేళ్ల నాటి డీఎస్ఎల్ఆర్ ఒకటి మూల పడి ఉంది. ఇన్‌ఫ్రారెడ్‌కు మార్చుకోవచ్చా? యూట్యూబ్ చూసి నేనే విప్పి చేసుకుందామనుకుంటున్నాను.
– కర్నూలు

జవాబు: మార్చుకోవచ్చు, మూలపడ్డ కెమెరాకు అంతకంటే మంచి గతి లేదు. కానీ మీరే విప్పే ఆలోచన మానుకోండి. లోపల ఫ్లాష్ కోసం ఉండే కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా నిలవ ఉంటుంది, బ్యాటరీ తీసేసినా అది వెంటనే పోదు. చెయ్యి తగిలితే షాక్ గట్టిగా కొడుతుంది. అదృష్టం బాగుండి తప్పించుకున్నా సెన్సర్ మీద దుమ్ము పడకుండా అద్దం మార్చడం టేబుల్ ఫ్యాన్ కింద అయ్యే పని కాదు.

కెమెరా సెన్సర్‌కు పుట్టుకతోనే 1000 నానోమీటర్ల దాకా కనిపిస్తుంది. మామూలు ఫొటోల రంగులు చెడిపోకుండా కంపెనీవాళ్లు దాని ముందు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే అద్దం పెడతారు. మార్చడమంటే ఆ అద్దం తీసి వేరేది పెట్టడమే. ఏది పెట్టాలన్నదే అసలు ప్రశ్న. 720 (అంటే 720 నానోమీటర్ల పైన ఉన్న కాంతిని మాత్రమే లోపలికి వదిలే అద్దం) పెడితే మంచి నలుపు తెలుపు వస్తుంది, రంగులు కావాలంటే కొద్దిగా మిగులుతాయి. 590 అయితే ఆకులు బంగారు పసుపులో, ఆకాశం నీలంలో వచ్చే రంగుల ఫొటోలు చేసుకోవచ్చు, పెళ్లికి ముందు షూట్‌ల వాళ్లు దాన్నే అడుగుతారు. 850 పూర్తిగా నలుపు తెలుపే. నేను చెప్పేది 720. అద్దమేమీ వేయకుండా సాదా గాజు పెట్టించుకునే ఫుల్ స్పెక్ట్రమ్ పద్ధతిలో ఫిల్టర్లు లెన్స్ ముందు మార్చుకోవచ్చు కానీ, మీది డీఎస్ఎల్ఆర్ కాబట్టి నల్లటి ఫిల్టర్ బిగించాక వ్యూఫైండర్‌లో ఏమీ కనిపించదు, చిరాకు పడతారు. ఇంకోటి, ఇన్‌ఫ్రారెడ్‌కు ఫోకస్ కొంచెం వేరేచోట పడుతుంది, పాత లెన్సుల మీద ఎర్రచుక్క ఉండేది అందుకే. మార్చేవాళ్లను మీ లెన్స్‌తోనే ఫోకస్ సరిచేసి ఇమ్మనండి, లేదా లైవ్ వ్యూలో తీయండి.

డబ్బు పెట్టేముందు రుచి చూడాలంటే 720 ఫిల్టర్ ఒకటి కొని మామూలు కెమెరాకే బిగించండి. ముందు కంపోజ్ చేసి, ఫోకస్ చేసి, తర్వాత ఫిల్టర్ తగిలించాలి. నడి ఎండలో కూడా అర నిమిషం, ఒక నిమిషం ఎక్స్‌పోజర్ పడుతుంది. గాలికి ఆకులు ఊగి మసకబారతాయి, ఒక్కోసారి అదీ బాగుంటుంది.

ప్రశ్న: ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో మనుషుల ఒంటి వేడి కనిపిస్తుందట, బట్టల్లోంచి కూడా కనిపిస్తుందట. ఇలాంటివి పత్రికలో ప్రోత్సహించవచ్చా?
– వరంగల్

జవాబు: ఒంటి వేడి చూపించేది వేరే ఇన్‌ఫ్రారెడ్, దాని అలల పొడవు 8,000 నానోమీటర్ల పైమాటే, దానికి లెన్సూ సెన్సరూ అన్నీ వేరు. మేం వాడేది ఎండ తిరిగొచ్చిన వెలుగు, చీకట్లో మాకు ఏమీ కనిపించదు. రెండో అనుమానం మాత్రం పూర్తిగా గాలి మాట కాదు. పలచటి సింథటిక్ గుడ్డ కొన్ని పరిస్థితుల్లో ఇన్‌ఫ్రారెడ్‌ను కాస్త వదులుతుంది, 1998లో సోనీ తన హ్యాండీక్యామ్‌లను ఈ గొడవతోనే మార్చాల్సి వచ్చింది. చెప్పకుండా మనుషుల్ని తీయడం ఏ కెమెరాతోనైనా తప్పే. నేను రాసేది కొండలు, చెట్ల గురించి.

ప్రశ్న: నా దగ్గర 720కి మార్చిన కెమెరా ఉంది. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ వెళ్తున్నాను. దాంతోనే అరోరా కూడా తీస్తే రెండు సరదాలూ ఒకేసారి తీరతాయి కదా?
– సియాటిల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తీరవు. ఆకుపచ్చ 557.7, ఎరుపు 630, రెండూ 720 కంటే తక్కువ. మీ కెమెరాలోని అద్దం ఆ రెండింటినీ గడప దగ్గరే ఆపేస్తుంది. అరోరాలో ఇన్‌ఫ్రారెడ్ లేకపోలేదు, నైట్రోజన్ అణువులు ఆ ప్రాంతంలోనూ వెలుగుతాయి, ఆక్సిజన్‌కు 777, 844 నానోమీటర్ల దగ్గర గీతలున్నాయి. కానీ అదే ప్రాంతంలో ఆకాశమంతా రోజూ వెలిగే మసక వెలుగు ఒకటుంది, హైడ్రాక్సిల్ అణువులది, అరోరా దానిలో కలిసిపోయి బూడిదరంగు ఫొటో మిగులుతుంది. ప్రయోగంగా ఒకటి రెండు తీయండి, తప్పులేదు, ఎవరూ పెద్దగా చూపించని ఫొటో అవుతుంది. తక్కిన రాత్రికి మామూలు కెమెరా ఉండాలి.

ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఆ 720 కెమెరాకు పగలు పని ఉంది, కానీ సెప్టెంబరులో వెళితేనే. అప్పటికి అక్కడ రాత్రులు అరోరాకు సరిపడా చీకటవుతాయి, బిర్చ్ చెట్ల మీద ఆకులు ఇంకా ఉంటాయి. జనవరిలో ఆకుండదు, నేలంతా మంచు, ఎండ నామమాత్రం. మంచును తెల్లగా చూపించడానికి ఇన్‌ఫ్రారెడ్ ఎందుకు?

ప్రశ్న: మాది అనంతపురం. ఉదయం ఏడు దాటితే ఎండ మండిపోతుంది, గోల్డెన్ అవర్ అనేది పావుగంట కూడా ఉండదు. మా ప్రాంతంలో ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రఫీ ఎలా చేయాలి?

జవాబు: ఈ సంచికలో నాకు బాగా నచ్చిన ఉత్తరం మీదే. పుస్తకాలన్నీ ఉదయం, సాయంత్రం తీయమంటాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్ల దేశాల్లో సూర్యుడు గంటల తరబడి ఏటవాలుగా ఉంటాడు, మనకు చకచకా నెత్తి మీదికి వచ్చేస్తాడు. ఇన్‌ఫ్రారెడ్‌కు కావలసింది ఆ నడినెత్తి ఎండే. పదిన్నర నుంచి మూడింటి దాకా, మిగతావాళ్లు కెమెరా సర్దేసి నీడకు పోయే వేళలో, మీ పని మొదలవుతుంది. అరోరా కోసం ఏడాదంతా డబ్బు కూడబెట్టి ఒక వారం మబ్బు తొలగాలని మొక్కుకునే నాలాంటివాళ్లకు, సొంత జిల్లాలో రోజూ ఉచితంగా దొరికే ఈ వెలుగు ఎంత పెద్ద ఊరటో చెప్పలేను.

కాలం మాత్రం చూసుకోండి. ఏప్రిల్, మే ఎండల్లో గాలంతా దుమ్ము, ఆకాశం పాలిపోయి ఉంటుంది. దుమ్ము రేణువులు పెద్దవి కాబట్టి ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా చెదరగొడతాయి, మీకు కావలసిన నల్లటి ఆకాశం రాదు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, వాన వెలిసిన మర్నాడు, నీలాకాశంలో దూదిపింజల్లాంటి మబ్బులుంటే వదలొద్దు. కొత్త చిగురుకు తెలుపు బాగా వస్తుంది. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడితే, ఆ ఎర్రటి రాయి ఎరుపును ఇన్‌ఫ్రారెడ్ పట్టించుకోదు, రాతి పొరలు, పగుళ్లు, కింద నల్లగా నది, పొదలు తెల్లగా, ఇవే మిగులుతాయి. ఎరుపు పోయిందని బాధపడేవాళ్లున్నారు, నాకైతే ఆ లోయ ఆకారం మొదటిసారి అర్థమైంది ఎరుపు తీసేశాకే. పక్కనే మాధవరాయ స్వామి గుడి గోపురం ఉంది. చెట్టు ఒకటి ముందు పెట్టి, నల్లటి ఆకాశం మీద గోపురాన్ని తీసి చూడండి. సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. ఎదురుగా పెట్టుకుంటే కాంట్రాస్ట్ అంతా పోతుంది.

లెన్స్ విషయంలో ఒక జాగ్రత్త. కొన్ని మంచి లెన్సులు కూడా ఇన్‌ఫ్రారెడ్‌లో ఫొటో నడిమధ్య తెల్లటి గుండ్రటి మచ్చ వేస్తాయి, హాట్‌స్పాట్ అంటారు. అపర్చర్ మూసే కొద్దీ అది ముదురుతుంది. ధరకూ దీనికీ సంబంధం లేదు. ఒకే దృశ్యాన్ని ఎఫ్/4, 8, 11, 16లలో తీసి పక్కపక్కన పెట్టుకుంటే మీ లెన్స్ గుణం తెలిసిపోతుంది. తరచు పాత కిట్ లెన్సే గెలుస్తుంది.

ప్రశ్న: మా మండలంలో ఒక సమావేశంలో ఉపగ్రహ చిత్రం చూపించారు. మా వరిపొలాలన్నీ నెత్తురు రంగులో ఉన్నాయి. పైరుకు తెగులేమో అనుకున్నాం. మీ తెల్ల ఆకులకూ దానికీ సంబంధం ఉందా?
– మిర్యాలగూడ దగ్గర ఒక రైతు

జవాబు: ఉందండీ, రెండూ ఒకటే. ఉపగ్రహం కూడా ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తుంది, కనపడని ఆ వెలుగును కంప్యూటర్‌లో ఎరుపుగా చూపిస్తారు. ఎంత ఎర్రగా ఉంటే పైరు అంత ఏపుగా ఉన్నట్టు, సంతోషించండి. ఆకు వాడిపోతే లోపలి గుల్ల దెబ్బతిని ఇన్‌ఫ్రారెడ్‌ను తిప్పికొట్టడం తగ్గుతుంది, చిత్రంలో ఎరుపు వెలిసిపోతుంది, చాలాసార్లు కంటికి తెలిసేలోపే. మన దేశం ఈ పని 1988లో పంపిన ఐఆర్ఎస్-1ఏ ఉపగ్రహం నుంచీ చేస్తోంది. ఇప్పటికీ ఆ సమాచారం దిగే ప్రధాన స్టేషన్ షాద్‌నగర్‌లో ఉంది, హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానిది ఆ స్టేషన్.

ప్రశ్న: మా అన్నయ్య పెళ్లి డిసెంబరులో. ఊరి బయట తోటలో పగటిపూట రిసెప్షన్. వధూవరుల ఫొటోలు ఇన్‌ఫ్రారెడ్‌లో తీయమని ఫొటోగ్రాఫర్‌ను అడగొచ్చా?
– రాజమహేంద్రవరం

జవాబు: దూరం నుంచి, తోటంతా వచ్చేలా, చెట్ల కింద ఇద్దరూ చిన్నగా కనిపించేలా నాలుగైదు తీయించండి, బ్రహ్మాండంగా ఉంటాయి. దగ్గరి ఫొటోలు మాత్రం వద్దు. ఇన్‌ఫ్రారెడ్ చర్మం లోపలికి కాస్త చొచ్చుకుపోయి వస్తుంది, ముఖం మైనం పూసినట్టు నున్నగా, పెదాలు పాలిపోయి, కళ్లు నల్లటి గుంటల్లా, ఒక్కోసారి నుదుటి మీద నరాలు కూడా తేలి వస్తాయి. అన్నయ్య నల్ల సూటు వేసుకుంటే ఇంకో చిక్కు. నల్ల రంగు అద్దకాల్లో చాలావాటిని ఇన్‌ఫ్రారెడ్ లెక్కచేయదు, సూటు బూడిదరంగులోనో, ఇంకా తెల్లగానో వస్తుంది, కోటు ఒక రంగు, ప్యాంటు ఒక రంగుగా వచ్చినా ఆశ్చర్యం లేదు. ముందు రోజు ఆ సూటునూ వదిన చీరనూ ఎండలో ఆరేసి ఒక ఫొటో తీయించుకోండి. మామూలు ఆల్బమ్ మాత్రం మామూలు కెమెరాతోనే పూర్తిగా తీయించాలి, లేకపోతే అమ్మమ్మగారికి సమాధానం మీరే చెప్పుకోవాలి.